సాఫ్ట్‌షెల్ జాకెట్

ఈ వ్యాసం చలిగాలి నుండి కాపాడే పైదుస్తు గురించి. చీరతో పాటు ధరించే జాకెట్టు కొరకు రవిక వ్యాసం చూడండి.

సాఫ్ట్‌షెల్ జాకెట్ అనగా సాగే గుణం గల దట్టమైన కృత్రిమ వస్త్రంతో కుట్టిన పైదుస్తు. ఇది చలిగాలిని చాలావరకు ఆపుతుంది, తేలికపాటి తుంపరను తట్టుకుంటుంది, శరీరం నుండి వెలువడే చెమట ఆవిరిని బయటకు పోనిస్తుంది. ఉన్ని స్వెట్టరుకు, వానకోటుకు మధ్యస్థమైన దుస్తుగా దీనిని చెప్పవచ్చును. పర్వతారోహకుల అవసరాల నుండి పుట్టిన ఈ జాకెట్‌ను నేడు ద్విచక్ర వాహనదారులు, విద్యార్థులు, ఉద్యోగులు నిత్యం ధరిస్తున్నారు. హైదరాబాదు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం వంటి ప్రాంతాలలో ఈ జాకెట్‌ను పాడుచేసేవి ముఖ్యంగా ఎండ, ఉక్క, దుమ్ము, రాపిడి. చలి పాత్ర స్వల్పం. అందువలన చలిదేశాల వారు పాటించే ఎంపిక సూత్రాలు ఇక్కడ యథాతథంగా వర్తించవు.

పేరు, నేపథ్యం

నీటిని పూర్తిగా ఆపే గట్టి పొర గల వానకోటును ఆంగ్లంలో హార్డ్‌షెల్ అంటారు. దానికి భిన్నంగా మెత్తగా, సాగుతూ, చప్పుడు చేయకుండా ఉండేది కనుక దీనికి సాఫ్ట్‌షెల్ అనే పేరు వచ్చింది. దీని వెనుక ఇరవయ్యవ శతాబ్దపు వస్త్ర పరిశోధనలు కొన్ని ఉన్నాయి. అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో 1935లో వాలెస్ కరోథర్స్ నైలాన్‌ను తయారుచేశాడు. అదే సంస్థలో 1958లో జోసెఫ్ షివర్స్ స్పాండెక్స్ అనే సాగే పోగును రూపొందించాడు. దీని వ్యాపారనామం లైక్రా. 1969లో బాబ్ గోర్ కనుగొన్న సాగదీసిన టెఫ్లాన్ పొర గోర్‌టెక్స్ వస్త్రానికి మూలమైంది. 1979లో అమెరికాలోని మాల్డెన్ మిల్స్ పాలిస్టర్ ఫ్లీస్ వస్త్రాన్ని తయారుచేసింది. నేటి సాఫ్ట్‌షెల్ జాకెట్‌లలో ఈ నాలుగు మార్గాల ఛాయలు కనిపిస్తాయి.

రకాలు

నిర్మాణాన్ని బట్టి వీటిని రెండు ముఖ్య రకాలుగా విభజించవచ్చు.

1. పొర లేని రకం: నైలాన్ లేదా పాలిస్టర్ పోగులకు కొద్ది శాతం స్పాండెక్స్ కలిపి దట్టంగా నేసిన ఒకే వస్త్రం. నేత బిగువు వలననే గాలి చాలావరకు ఆగుతుంది. ఆవిరి సులభంగా బయటకు పోతుంది.

2. పొర గల రకం: బయట నేత వస్త్రం, లోపల ఫ్లీస్, రెండింటి మధ్య పాలీయురేథేన్ వంటి పలుచని పొర ఉంటాయి. ఈ మూడింటిని జిగురుతో అతికిస్తారు. గాలిని పూర్తిగా ఆపుతుంది, నీటిని ఎక్కువసేపు తట్టుకుంటుంది. కాని ఉక్కపోత ఎక్కువ.

దుకాణంలో ఈ రెండింటిని గుర్తించడానికి ఒక సులభమైన పరీక్ష కలదు. వస్త్రాన్ని పెదవులకు ఆనించి గట్టిగా ఊదాలి. అవతలి వైపు అరచేతికి కొద్దిగానైనా గాలి తగిలితే సాధారణంగా అది పొర లేని రకం. ఏమాత్రం తగలకపోతే పొర గల రకమని భావించవచ్చు.

ఉప్పల్, నాచారం పరిస్థితులు

ఉప్పల్ హైదరాబాదు నుండి వరంగల్లు పోయే రహదారిపై ఉంది. దానికి ఉత్తరాన నాచారం పారిశ్రామికవాడ ఉంది. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత ఈ రెండూ మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోకి వచ్చాయి.

హైదరాబాదులో డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి ఉష్ణోగ్రత సగటున సుమారు 15 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. పగలు 28 డిగ్రీల వరకు చేరుతుంది. నగరంలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 1946 జనవరి 8 నాటి 6.1 డిగ్రీలు. అనగా ఇక్కడి చలి తెల్లవారుజామున, రాత్రివేళ కొద్ది గంటలు మాత్రమే బాధిస్తుంది. అయితే వాహనంపై వెళ్ళేవారికి గాలి వేగం వలన ఈ చలి పెరిగినట్లు అనిపిస్తుంది. అమెరికా, కెనడా దేశాలు 2001లో స్వీకరించిన సూత్రం ప్రకారం లెక్కిస్తే, 10 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో గాలి తగిలినపుడు శరీరానికి అది సుమారు 6 డిగ్రీల చలిగా తోస్తుంది. నాచారం కర్మాగారాలలో రాత్రి షిఫ్టు ముగించుకొని ఇంటికి వెళ్ళేవారికి కావలసినది మందమైన ఉన్ని కాదు, గాలిని ఆపే పలుచని దుస్తు అని దీనిని బట్టి తెలుస్తుంది.

చలికాలం కాని రోజులలో కూడా శీతలీకరించిన కార్యాలయాలలో, 2017 నవంబరులో ప్రారంభమైన మెట్రో రైలులో కొందరు ఈ జాకెట్‌ను ధరిస్తారు. కనుక వాడుక ఏడాది పొడవునా ఉండవచ్చు. మరోవైపు ఉప్పల్ నుండి నారపల్లి వరకు ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ళ తరబడి సాగడంతో వరంగల్లు రహదారిపై ప్రయాణించేవారికి దుమ్ము నిత్యానుభవమైంది. ఈ దుమ్ము వలన జాకెట్‌ను తరచుగా ఉతకవలసి వస్తుంది.

మన్నికను దెబ్బతీసే కారణాలు

ఉక్క, వేడిమి: బీరువాలో దాచిన రెగ్జిన్ సంచి కొన్నేళ్ళకు పొట్టు రాలినట్లు ఊడిపోవడం చాలామంది చూసే ఉంటారు. గాలిలోని తేమ, వేడిమి కలిసి పాలీయురేథేన్ అణువులను విడగొట్టడమే దీనికి ముఖ్య కారణం. రసాయనశాస్త్రంలో దీనిని జలవిశ్లేషణ అంటారు. సాఫ్ట్‌షెల్ జాకెట్ లోపలి పాలీయురేథేన్ పొరకు కూడా ఇదే గతి పట్టవచ్చు. జాకెట్ ధరించకుండా దాచినప్పటికీ ఈ చర్య ఆగదు. వానాకాలపు తేమ, మే నెలలో 40 డిగ్రీలకు చేరువయ్యే ఎండలు దీనిని వేగిరపరుస్తాయి. పొర విడిపోయిన జాకెట్‌పై బుడగల వంటి ఉబ్బులు కనిపిస్తాయి. దానిని తిరిగి అతికించడం దర్జీ వలన కాని పని. పొర లేని రకానికి ఈ ప్రమాదం లేదు.

ఎండ: సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు పోగులను బలహీనపరుస్తాయి. ఎండను తట్టుకొనడంలో పాలిస్టర్ మెరుగు. రాపిడిని తట్టుకొనడంలో నైలాన్ మెరుగు.

రాపిడి: వీపుసంచి పట్టీలు ఆనే భుజాలు, ముంజేతి అంచులు, మెడపట్టీ ముందుగా అరుగుతాయి. వస్త్ర పరిశ్రమలో రాపిడిని మార్టిండేల్ అనే యంత్రంపై పరీక్షిస్తారు. వస్త్రం ఎన్ని రాపిడులను తట్టుకున్నదో దానిని బట్టి మన్నికను అంచనా వేస్తారు.

ఉతుకు: బ్లీచింగు, వేడినీరు స్పాండెక్స్ పోగును పాడుచేస్తాయి. అప్పుడు మోచేతుల వద్ద వస్త్రం సాగిపోయి తిరిగి యథాస్థితికి రాదు.

ఎంపికలో పరిశీలించవలసిన అంశాలు

వస్త్రం: బయటి వస్త్రం అల్లినది కాక నేసినదై ఉండాలి. అల్లిన వస్త్రం త్వరగా ఉండలు కడుతుంది, వెల్క్రోకు, ముళ్ళకు పట్టుకొని పోగులు లేస్తాయి. పోగు మందాన్ని డెనియర్‌లలో చెబుతారు. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు.

సాగే గుణం: మోచేయి వద్ద వస్త్రాన్ని పదిసార్లు లాగి వదలాలి. ముడతలు, వదులు మిగలకుండా వెనుకకు రావాలి.

జిప్పు: వస్త్రం చిరగకముందే జిప్పు చెడిపోవడం సాధారణంగా జరుగుతుంది. 5వ నంబరు లేదా అంతకంటే పెద్ద జిప్పు మేలు. ఈ నంబరు మూసిన పళ్ళ వెడల్పును సుమారుగా మిల్లీమీటర్లలో సూచిస్తుంది. జిప్పును పదిసార్లు ఎక్కించి దించాలి. కింది భాగంలో పిన్ను, పెట్టె కలిసే చోటు గట్టిగా ఉన్నదో లేదో చూడాలి.

కుట్టు: జాకెట్‌ను తిరగేసి చూడాలి. కుట్టు అంచులలో పోగులు వేలాడరాదు. జేబు మూలలలో అడ్డంగా దట్టమైన బిగింపు కుట్టు ఉండాలి. కుట్టుకు రెండు వైపులా పట్టుకొని లాగినపుడు రంధ్రాలు పెద్దవి కారాదు.

కొలత: బండి హ్యాండిల్ పట్టుకున్నట్లుగా చేతులు ముందుకు చాపి చూడాలి. ముంజేతులు బయటపడకూడదు, నడుము వెనుక భాగం పైకి లేవకూడదు. బిగుతైన జాకెట్‌లో కుట్లపై భారం పెరిగి త్వరగా విడిపోతాయి.

రంగు: ముదురు రంగు మురికిని కనబడనీయదు. అయితే రాత్రి ప్రయాణించేవారికి వెలుగును తిప్పికొట్టే పట్టీలు ఉన్న జాకెట్ క్షేమకరం.

నీటిని జార్చే పూత

జాకెట్‌పై పడిన నీరు ముత్యాల వలె జారిపోవడానికి వస్త్రంపై ఒక పూత వేస్తారు. ఇది శాశ్వతం కాదు. మురికి, ఉతుకు వలన క్రమేణా తగ్గుతుంది. చాలాకాలం ఇందుకు ఫ్లోరిన్ సమ్మేళనాలను వాడారు. ఇవి ప్రకృతిలో సులభంగా నశించవు. స్టాక్‌హోం ఒప్పందం కింద వీటిలో పీఎఫ్ఓఎస్‌ను 2009లో, పీఎఫ్ఓఏను 2019లో నియంత్రిత జాబితాలో చేర్చారు. ఫ్లోరిన్ లేని పూతలు కూడా ఇప్పుడు లభిస్తున్నాయి. నిత్యవాడుకకు అవి సరిపోతాయి. నూనె మరకలను మాత్రం అవి అంతగా ఆపలేవు.

ధర, ఖర్చు

ధరను ధరించే రోజులతో భాగించి చూడటం ఉపయోగకరం. ఉదాహరణకు 1,200 రూపాయల జాకెట్ 90 రోజుల ఒక్క చలికాలానికే పాడైతే రోజుకు 13 రూపాయలకు పైగా పడినట్లు. 3,000 రూపాయల జాకెట్ నాలుగు చలికాలాలు నిలిస్తే రోజుకు సుమారు 8 రూపాయలు మాత్రమే. అయితే అధిక ధర మన్నికకు హామీ కాదు. ధర పెరగడానికి మధ్యపొర, వ్యాపారనామం కూడా కారణాలు కావచ్చు. ఈ ప్రాంతంలో ఆ పొరయే ముందుగా చెడిపోయే అవకాశం ఉంది. 2025 సెప్టెంబరు 22 నుండి 2,500 రూపాయల వరకు విలువ గల దుస్తులపై 5 శాతం, అంతకు మించిన వాటిపై 18 శాతం జీఎస్టీ అమలులోకి వచ్చింది. కొనుగోలు రసీదును భద్రపరచుకోవాలి. లోపమున్న సరుకుపై 1915 నంబరు గల జాతీయ వినియోగదారుల సహాయకేంద్రానికి ఫిర్యాదు చేయవచ్చు.

ఉతకడం, భద్రపరచడం, మరమ్మతు

జిప్పులు, వెల్క్రో మూసి, జాకెట్‌ను తిరగేసి, చల్లని నీటిలో కొద్దిపాటి డిటర్జెంటుతో ఉతకాలి. బట్టలు మెత్తబడేందుకు వాడే కండిషనరు వేయరాదు. అది పోగులపై పేరుకొని, నీటిని జార్చే గుణాన్ని తగ్గిస్తుంది. బ్రష్షుతో గట్టిగా రుద్దరాదు. నీడలో ఆరవేయాలి. దాచేటపుడు పూర్తిగా ఆరిన తరువాతనే, గాలి ఆడే చోట వ్రేలాడదీయాలి. ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటకపై పెట్టడం వలన వేడిమి, తేమ రెండూ లోపలే నిలుస్తాయి.

జిప్పు పళ్ళు బాగుండి సరిగా పడకపోతే సాధారణంగా రన్నరు అరిగినదని అర్థం. రన్నరు మాత్రమే మార్పిస్తే చాలు, జిప్పు మొత్తం మార్చనక్కరలేదు. విడిన కుట్లను పాలిస్టర్ దారంతో వేయించాలి. నూలు దారం సాగదు, త్వరగా తెగుతుంది.

పరిమితులు

సాఫ్ట్‌షెల్ జాకెట్ వానకోటుకు ప్రత్యామ్నాయం కాదు. జూన్ నుండి సెప్టెంబరు వరకు కురిసే భారీ వర్షాలకు కుట్టు రంధ్రాల ద్వారా నీరు లోపలికి వస్తుంది. వాహన ప్రమాదంలో ఇది శరీరాన్ని కాపాడదు. అందుకు మోచేతులు, భుజాల వద్ద రక్షణ పలకలు గల ప్రత్యేక జాకెట్లు వేరుగా ఉన్నాయి.

కర్మాగారాలలో పనిచేసేవారు మరొక విషయం గుర్తుంచుకోవాలి. నైలాన్, పాలిస్టర్ పోగులు సుమారు 220 నుండి 260 డిగ్రీల వద్ద కరుగుతాయి. వెల్డింగు నిప్పురవ్వలు పడితే వస్త్రం కరిగి చర్మానికి అంటుకొని లోతైన గాయం చేస్తుంది. కావున కొలిమి, వెల్డింగు పనుల వద్దకు వెళ్ళేముందు ఈ జాకెట్‌ను విప్పి, ఆ పనికి నిర్దేశించిన రక్షణ దుస్తులు ధరించాలి.