నీళ్లు నిండకముందే బజర్ మోగుతోందా?



వాటర్ ట్యాంకు అలారం మన పిల్లలకు బాగా నచ్చే ప్రాజెక్టు. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్, గదిలో ఆర్డుయినో బోర్డు, బజర్. టేబుల్ మీద చక్కగా పనిచేస్తుంది. డాబా మీది ట్యాంకుకు బిగించగానే నీళ్లు సగం ఉన్నా మోగుతుంది. "సెన్సర్ పాడైంది, కొత్తది కొనండి" అని మీ అబ్బాయో అమ్మాయో అడుగుతారు. కొనే ముందు ఒక్క గంట ఇద్దరూ కలిసి కూర్చోండి.

ముందుగా, ట్యాంకు నుంచి వచ్చే వైర్లను బోర్డు దగ్గర తీసేయండి. ఆ పిన్‌ను చిన్న వైరుతో గ్రౌండ్‌కు కలపండి. అయినా మోగితే తప్పు ప్రోగ్రామ్‌లో ఉన్నట్టు. ఆగిపోతే వైరునో, స్విచ్‌నో చూడాలి.

చాలాసార్లు కారణం వైరే. సాధారణంగా పిల్లలు స్విచ్ ఒక కొసను 5 వోల్టులకు, రెండో కొసను పిన్‌కు కలుపుతారు. ట్యాంకు నిండనంతవరకు స్విచ్ తెరిచే ఉంటుంది కాబట్టి పిన్‌కు ఏ ఆధారమూ ఉండదు. అప్పుడు డాబా నుంచి వచ్చే పొడుగాటి వైరు యాంటెనాలా పనిచేస్తుంది. పక్కనే ఉన్న మోటార్ వైరులోని 50 హెర్ట్జ్ కరెంటు ప్రభావాన్ని పట్టుకుంటుంది. బోర్డు దాన్నే 'నిండింది' అనుకుంటుంది. పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10 కిలో ఓమ్ రెసిస్టర్ కలిపితే, స్విచ్ మూసుకునేదాకా పిన్ సున్నా దగ్గరే నిలబడుతుంది. వైరును మోటార్ వైరుకు దూరంగా లాగండి.

ఇంకా అప్పుడప్పుడు మోగుతుంటే నీటి అలలు చూడండి. నిండబోయే సమయంలో ఫ్లోట్ పైకీ కిందికీ ఊగి, స్విచ్ కలుస్తూ విడిపోతూ ఉంటుంది. సంకేతం వరుసగా రెండు సెకన్లు నిలిస్తేనే బజర్ మోగేలా ప్రోగ్రామ్ మార్చమనండి.

మనిషి కదలికను గుర్తించే పీఐఆర్ సెన్సర్ వాడేవారికీ ఒక మాట. అది చూసేది వేడిలో మార్పును. ఆన్ చేశాక కుదురుకోవడానికి సుమారు ఒక నిమిషం పడుతుంది. కరీంనగర్, ఆదిలాబాద్ ఎండల్లో గది వేడి మన ఒంటి వేడికి దగ్గరైతే మనిషిని సరిగా పట్టలేదు. కిటికీ ఎండ, కూలర్ గాలి తగిలితే ఎవరూ లేకున్నా మోగవచ్చు. దాని చోటు మార్చి చూడండి.

ఒక హెచ్చరిక: 230 వోల్టుల మోటార్ కనెక్షన్‌ను పిల్లలను ముట్టుకోనివ్వకండి. అది ఎలక్ట్రీషియన్ పని.

ఒకసారికి ఒక్కటే మార్పు చేయించండి, ఫలితాన్ని నోట్‌బుక్‌లో రాయించండి. రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. సైన్స్ ఫెయిర్‌లో "ఎందుకు మోగింది? ఎలా కనిపెట్టావు?" అని అడిగితే, కొత్త సెన్సర్ కొన్న పిల్లల దగ్గర జవాబు ఉండదు. ఆ నోట్‌బుక్ ఉన్న పిల్లల దగ్గర ఉంటుంది.