ట్రాక్టరు మరమ్మతు - ధాన్యం బేరం

ఉదయగిరి మెట్టలో బోరు మోటారు కాలిపోతే రైతుకు దారి తెలుసు. పైకి లాగి, వైండింగు షాపులో రాగి తీగ మళ్ళీ చుట్టిస్తాడు. కంపెనీని అడగనక్కర లేదు. ఆత్మకూరు వైపు, సోమశిల నీటి కింద పండిన ధాన్యం తోలే పెద్ద ట్రాక్టర్ల సంగతి వేరు. 50 హార్స్‌పవరు మించిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి పొగ నిబంధనలు బిగిశాయి. దానితో ఇంజనులో ఎలక్ట్రానిక్ పరికరాలు చేరాయి. లోపం ఎక్కడో పట్టడానికి పానా చాలదు, కంపెనీ సాఫ్టువేరు కావాలి.

ఇది రైతు బాధే అని వర్తకులు అనుకోరాదు. తోలకం రెండు రోజులు ఆగి, కళ్ళంలో వాన పడితే తేమ పెరుగుతుంది. సర్కారు కొనుగోలుకు తేమ హద్దు 17 శాతం. దాటిన సరకు మిల్లు గుమ్మంలో చెప్పిన ధరకు లొంగవలసిందే.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలనూ అందులో చేర్చింది. డిసెంబరులో పోర్టలు తెరిచింది. అది సమాచారం ఇస్తుంది గాని కంపెనీని కట్టడి చేయలేదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో చట్టమే చేసింది. మాన్యువలు, విడిభాగాలు, సాఫ్టువేరు రైతుకూ బయటి మెకానిక్కుకూ ఇవ్వాలని 2024 జనవరి 1 నుంచి అక్కడ నియమం.

ఇక్కడ 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు టైర్లు, విడిభాగాలపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. మంచిదే. స్టాకు పెట్టే వ్యాపారి మాత్రం డీలరును ముందు అడగవలసింది వేరు: ఈ భాగం మన మెకానిక్కు బిగిస్తే బండి కదులుతుందా, కంపెనీ మనిషి వచ్చేదాకా నిలబడుతుందా?