పెట్టెమీద వ్రాయని రేడియో

జీవనోపాధికి గాక కేవలము అభిరుచిచేత వైర్‌లెస్ విద్యను అభ్యసించువారు ప్రపంచమున లక్షలకొలది గలరు. వారిని హామ్‌లందురు. ప్రభుత్వము పెట్టు పరీక్షలో ఉత్తీర్ణులై, అనుమతిపత్రము పొంది, వారు తమ యిండ్లనుండియే దూరదేశములవారితో సంభాషింతురు. కొన్న పరికరమును కొన్నట్లే వాడుకొని యూరకుండుట వారిలో పెక్కుమందికి చేతగాదు. మరలు విప్పి లోపల నేమున్నదో చూచినగాని వారికి నిద్రపట్టదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట సైన్యములు వదలుకొన్న వైర్‌లెస్ పెట్టెలను చౌకగా కొని, తమ యవసరములకు అనువుగా మార్చుకొన్నవారు వీరే. అట్టివారి చేతులలో 2012 వ సంవత్సరమున ఒక చిన్న టెలివిజన్ పరికరము పొందిన రూపాంతరము మిక్కిలి విచిత్రమైనది.

ఆ పరికరము బొటనవ్రేలికంటె కొంచెము పెద్దదిగా నుండును. ఐరోపా మొదలగు ప్రాంతములలో నేలమీది స్తంభములనుండి ప్రసారమగు డిజిటల్ టెలివిజన్‌ను కంప్యూటరులో చూచుటకై దానిని తయారుచేసిరి. ఒక కొనను కంప్యూటరునకు తగిలించి, రెండవ కొనకు చిన్న ఏరియల్ కలిపినచో బొమ్మ కనబడును. ధర సుమారు ఇరువది డాలర్లు. లోపల ముఖ్యమైన చిప్పులు రెండే. మొదటిది ట్యూనరు. ఆకాశమున కలగాపులగముగా వచ్చుచున్న తరంగములలో కావలసిన దానిని ఎన్నుకొని రెండవదానికి అందించుట దాని పని. రెండవది తైవాన్‌లోని రియల్‌టెక్ సంస్థవారి ఆర్.టి.ఎల్. 2832 యు అను చిప్పు. అది తరంగమును కొలిచి అంకెలుగా మార్చి, ఆ యంకెలనుండి బొమ్మను, మాటను విడదీసి కంప్యూటరునకు పంపును. పెట్టెమీద పెద్ద యక్షరములతో వ్రాసినది టెలివిజన్‌ను గుఱించియే. దీనితో ఎఫ్.ఎం. రేడియో కూడ వినవచ్చునని కొన్నింటిపై ఒక చిన్న వాక్యము ఉండెడిది. గుట్టంతయు ఆ చిన్న వాక్యములోనే యున్నది.

ఫిన్లండు దేశస్థుడగు ఆంటి పలోసారి ఇట్టి పరికరములు లినక్స్ అను వ్యవస్థలో పనిచేయుటకు కావలసిన ప్రోగ్రాములను వ్రాయువాడు. చిప్పు లోపలి సంగతులన్నియు తెలుపు గ్రంథము బయటివారికి సులభముగా దొరకదు. కావున పరికరమునకును కంప్యూటరునకును నడుమ నడచు సంభాషణను నమోదుచేసి, ఏ యాజ్ఞకు ఏ ఫలితము కలుగుచున్నదో గ్రహింపవలసి యుండును. భాష తెలియని యూరిలో చేరినవాడు జనుల చేష్టలనుబట్టి మాటలకు అర్థము కట్టుకొనుట వంటిది ఈ పని. ఈ చిప్పు విషయమున 2010 లోనే మఱియొకరు ఇట్టి ప్రయత్నము చేసియుండిరి. 2012 ఫిబ్రవరిలో పలోసారి అందలి రహస్యమును బయటపెట్టెను. టెలివిజన్ చూపునపుడు చిప్పు తానే బొమ్మను విడదీయుచున్నది. ఎఫ్.ఎం. వినునపుడు అట్లు గాదు. తరంగమును కొలిచిన అంకెలను ఉన్నవి ఉన్నట్లుగా పంపివేయుచున్నది. వానినుండి పాటను తీయు పని కంప్యూటరులోని ప్రోగ్రాముది.

దీనిని ఎవరును దురుద్దేశముతో దాచలేదు. రేడియో కొఱకు చిప్పులో వేఱుగా నిర్మాణము చేయుటకంటె ఆ శ్రమను కంప్యూటరుపై వేయుట పొదుపని తలచిరి కాబోలు. కాని ఆ పొదుపు ఎంత పెద్ద తలుపును తెఱచి యుంచినదో చూడుడు. వండిన అన్నము పెట్టినచో అన్నమే తినవలెను. బియ్యము చేతికిచ్చినచో అన్నము వండవచ్చును, పిండి కొట్టి అరిసెలు చేయవచ్చును, దోసెలు పోయవచ్చును. అట్లే అంకెలు పచ్చిగా చేతికి వచ్చిన పిమ్మట, ప్రోగ్రాము మార్చినంతనే ఆ పరికరము వేఱొక రేడియో యగును. ఇట్టిదానిని సాఫ్ట్‌వేరు రేడియో అందురు. అంతకుముందు అట్టి యంత్రమునకు వందలకొలది డాలర్లు పెట్టవలసి యుండెను.

ఆ యంకెల స్వరూపమును కొంత తెలిసికొనవలెను. ప్రతి కొలతకు రెండేసి అంకెలు వచ్చును. ఒక్కొక్కటి 0 మొదలు 255 వఱకు ఉండును. రెండు ఏల? ఊగుచున్న ఉయ్యాల యొక్క ఛాయాచిత్రమును చూచి అది ఎచట నున్నదో చెప్పవచ్చును గాని, పోవుచున్నదో తిరిగి వచ్చుచున్నదో చెప్పలేము. తరంగమును ఒక్క యంకెతో కొలిచినను ఇదే లోపము. రెండవ యంకె దానిని తీర్చును. ఇట్టి జతలను ఆ చిన్న పరికరము సెకనుకు సుమారు ఇరువది నాలుగు లక్షలు ఎడతెగక పంపగలదు.

ఈ వార్త తెలిసిన కొలది కాలములోనే ఆస్మోకామ్ అను ప్రోగ్రాము రచయితల బృందము తగిన ప్రోగ్రాములు వ్రాసి అందఱకును ఉచితముగా ఇచ్చెను. ట్యూనరునుబట్టి కొన్ని పరికరములు సుమారు 24 మెగాహెర్ట్‌జ్ మొదలు 1,700 దాటువఱకు వినగలిగెను. 145 మెగాహెర్ట్‌జ్ ప్రాంతమున హామ్‌ల మాటలు వినవచ్చెను. 1,090 మెగాహెర్ట్‌జ్‌లో విమానములు తమ స్థానమును, ఎత్తును తామే చెప్పుకొనుచు పోవుచుండును. ఇంటి మేడమీద ఏరియల్ కట్టినవాడు వానిని పటముపై గుఱుతించుకొనగలిగెను. అమెరికా వాతావరణ ఉపగ్రహములు కొన్ని 137 మెగాహెర్ట్‌జ్ ప్రాంతమున మేఘముల చిత్రములను 2025 లో విరమించువఱకు పంపుచుండెడివి. రెండు లోహపు కడ్డీలతో చేసిన ఏరియల్ చాలును. ఉపగ్రహము తలమీదుగా పోవు కొలది నిమిషములలో, కోస్తాలో నున్నవానికి బంగాళాఖాతముమీది మేఘములు వరుస వెంట వరుసగా తెఱపై తేలెడివి. తుపాను దినములలో ఆ చిత్రము పత్రికలో చూచుట వేఱు, స్వయముగా ఆకాశమునుండి పట్టుకొనుట వేఱు.

అంతకంటె దూరముగా పోయినవారును గలరు. నక్షత్రముల నడుమ వ్యాపించిన ఉదజని వాయువు 1,420 మెగాహెర్ట్‌జ్ వద్ద మిక్కిలి సన్నని ధ్వనిని వెలువరించును. దానిని మొదట 1951 లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమున యూవెన్, పర్సెల్ అనువారు పట్టుకొనిరి. నేడు ఈ పరికరమునకు ఒక వర్ధకమును, రేకుతో చేసిన కొమ్మువంటి ఏరియల్‌ను కలిపి విద్యార్థులు పాలపుంత ధ్వనిని కొలుచుచున్నారు.

హామ్‌లకు మాత్రము ఒక కొఱత మిగిలెను. వారికి ప్రియమైన లఘుతరంగములు, ముఖ్యముగా 7 మెగాహెర్ట్‌జ్ ప్రాంతము, ట్యూనరునకు అందవు. అపుడు ట్యూనరును దాటించి, ఏరియల్‌ను తిన్నగా రెండవ చిప్పునకే కలిపినచో నేమగునని కొందఱు పరీక్షించిరి. చిప్పు కాళ్లు మిక్కిలి సన్ననివి, దగ్గఱ దగ్గఱగా నుండునవి. వెండ్రుకవంటి తీగను భూతద్దము క్రింద అతుకుపెట్టవలెను. చేయి వణకినచో ఇరువది డాలర్లు గంగపాలు. ఐనను అతికినవారికి లఘుతరంగములును వినవచ్చెను.

ఇంత చెప్పినందున దీనిని గొప్ప యంత్రమని భ్రమింపరాదు. 255 మెట్ల కొలబద్దతో గుసగుసను, కేకను ఒక్కసారి కొలుచుట కష్టము. దగ్గఱలో బలమైన కేంద్రమున్నచో బలహీనమైనవి మునిగిపోవును. లోపలి స్ఫటికము వేడెక్కినకొలది పౌనఃపున్యము జరుగును. పది లక్షలకు ఏబది వంతున తప్పినను 145 మెగాహెర్ట్‌జ్ వద్ద ఏడువేల హెర్ట్‌జ్‌లకు పైగా తేడా వచ్చును. ఇది వినునదే గాని పలుకునది గాదు. వినుటకును హద్దులు గలవు. తనకు ఉద్దేశింపని సంభాషణలను విని బయటపెట్టుట పెక్కు దేశములలో నేరము.

పిమ్మట కొందఱు తయారీదారులు స్థిరమైన స్ఫటికమును, లఘుతరంగముల దారిని తామే అమర్చి, అదే చిప్పుతో క్రొత్త పరికరములు చేసిరి. వానిని సాఫ్ట్‌వేరు రేడియోలనియే అమ్ముచున్నారు. టెలివిజన్ చూచుటకై వానిని కొనువారు లేరు.