ఇంగ్లీష్ ఇడియమ్స్: మీటింగ్‌లో ‘టేబుల్ చేద్దాం’ అన్నారా? బ్రిటన్‌లో ఒక అర్థం.. అమెరికాలో దానికి పూర్తి రివర్స్!

విడివిడిగా చూస్తే ప్రతి పదం తెలిసిందే. కలిపి వింటే మాత్రం బుర్ర గోక్కోవాల్సిందే. ఇంగ్లీష్ ఇడియమ్స్‌తో వచ్చే చిక్కే ఇది. ‘కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాడు’ అంటే మనవాళ్లు ఎవరూ బలపం కోసం వెతకరు కదా.. ఇవీ అంతే.

సరదా ఇడియమ్స్‌తో పెద్దగా ఇబ్బంది లేదు. ‘పీస్ ఆఫ్ కేక్’ అంటే చాలా ఈజీ.. మన నల్లేరు మీద నడక. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే అమావాస్యకో, పున్నానికో. ‘కిక్ ద బకెట్’ అంటే చనిపోవడం. మనోళ్లు ‘బాల్చీ తన్నేశాడు’ అంటారే, అచ్చం అదే. అయితే ఇది వెటకారం మాట. ఎవరైనా పోయారని తెలిసి సంతాపం చెప్పేటప్పుడు పొరపాటున కూడా వాడొద్దు.

అసలు సమస్యంతా ఆఫీసుల్లోనే. హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి ‘వీ హ్యావ్ టు లెట్ యూ గో’ అన్నారనుకోండి. వినడానికి ‘మీరు వెళ్లొచ్చు’ అన్నంత మెత్తగా ఉంటుంది. కానీ దానర్థం ఉద్యోగం పోయిందని! థాంక్యూ చెప్పి లేచి వచ్చేయకండి. ఆఖరి వర్కింగ్ డే ఎప్పుడు, నోటీస్ పీరియడ్ జీతం సంగతేంటి, రావాల్సిన బకాయిలు ఎంత.. ఇవన్నీ మెయిల్‌లో రాసి ఇవ్వమని అడగండి. అంతకుముందే ‘యూ ఆర్ ఆన్ థిన్ ఐస్’ అన్నారంటే, ఇంకో తప్పు జరిగితే కష్టమేనని హెచ్చరిక. పల్చటి మంచు మీద నిలబడ్డారని చెప్పడం అన్నమాట.

‘ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్’ టెన్నిస్ నుంచి వచ్చిన మాట. ఇక నిర్ణయం మీదే అని. క్లయింట్ ఈ మాట రాశాక మీరు జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, అవతల వాళ్లు మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటారు. పని మాత్రం ఎక్కడిదక్కడే!

ఇక ‘టేబుల్’ సంగతి. బ్రిటన్‌లో ఒక అంశాన్ని టేబుల్ చేయడమంటే వెంటనే చర్చకు పెట్టడం. అమెరికాలో పక్కన పెట్టి వాయిదా వేయడం. రెండో ప్రపంచ యుద్ధం సమయంలో ఈ ఒక్క మాట మీద ఇరు దేశాల సైనికాధికారులు చాలాసేపు వాదించుకున్నారట. చివరికి చూస్తే ఇద్దరికీ కావాల్సింది ఒకటే! అప్పటి బ్రిటన్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో ఈ ముచ్చట రాశారు. ‘మూట్ పాయింట్’ కూడా ఇలాంటిదే. బ్రిటన్‌లో అయితే ఇంకా తేలని, చర్చించాల్సిన విషయం.. అమెరికాలో అయితే ఇక చర్చించి లాభం లేని విషయం. అందుకే కాల్‌లో ఈ మాటలు వినిపిస్తే ‘ఇవాళే మాట్లాడదామా, తర్వాతా?’ అని సూటిగా అడిగేయడం బెటర్.

మనం మాట్లాడే ఇంగ్లీష్ అవతల వాళ్లకు అర్థం కాని సందర్భాలూ ఉన్నాయండోయ్. ‘ఐ పాస్‌డ్ అవుట్ ఇన్ 2019’ అని అమెరికా ఇంటర్వ్యూలో చెబితే, 2019లో స్పృహ తప్పి పడిపోయారా అనుకుంటారు. అక్కడ ‘గ్రాడ్యుయేటెడ్’ అనాలి. ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అంటే మీ మాట మీద నమ్మకం లేదన్నట్టు వినిపిస్తుంది. ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ అంటే సరిపోతుంది. ‘అవుట్ ఆఫ్ స్టేషన్’ అన్నా ఏ స్టేషన్ అని చూస్తారు.. ‘అవుట్ ఆఫ్ టౌన్’ అనండి. మీటింగ్‌ను ‘ప్రీపోన్’ చేద్దాం అనడం మన దగ్గర మామూలే, పైగా చాలా తెలివైన మాట కూడా. కానీ విదేశీ క్లయింట్‌కు మెయిల్ పెట్టేటప్పుడు ‘మూవ్ ఇట్ ఎర్లియర్’ అని రాసి, పక్కనే కొత్త టైమ్ కూడా ఇచ్చేయండి.