ఆన్‌లైన్ అంగడికి కాపలా

కోడుమూరు మగ్గముపై నేసిన చీర పూర్వము షావుకారు చేతిమీదుగానో, సహకార సంఘము ద్వారానో పొరుగూళ్ళకు పోవుచుండెడిది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘము ఎన్నియో కుటుంబములకు ఆసరా యైనది. నేడు ఆ చీరకు మరియొక త్రోవ ఏర్పడినది. బెంగుళూరులోని గృహిణి ఫోనులో చీర బొమ్మను చూచి, ధర అడిగి, యు.పి.ఐ. ద్వారా పైకము పంపుచున్నది. మూడవనాటికి చీర ఆమె యింట నుండుచున్నది. కడప జిల్లా మాధవరము చీరలైనను, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బనగానపల్లె మామిడిపండ్లైనను ఈ త్రోవనే పోవచ్చును. వాన మొగము చాటు చేసిన యేట ఇట్టి అంగడియే ఇంటికి ఆధారము. దారము అప్పుగా తెచ్చి, వారములు తరబడి నేసిన చీర ఒక్కటి మోసగాని పాలైనచో ఆ యింట అప్పు మిగులును, చీర మిగులదు. పంచాయతీ సభ్యులు ఈ విషయమును తెలిసికొని పదిమందికి చెప్పవలసిన అవసరము అందువలననే కలిగినది.

మన పెద్దలు సంతలో రూపాయి నాణెమును రాతిపై మోగించి చూచిన పిమ్మటగాని సరకు చేతికిచ్చెడివారు కారు. నేటి చెల్లని నాణెము స్క్రీన్‌షాటు. పైకము పంపితినని కొనుగోలుదారుడు ఒక బొమ్మను పంపును. దానిపై మొత్తము, తేదీ, ఆకుపచ్చని గురుతు అన్నియు నుండును. అట్టి బొమ్మను తయారుచేయుటకు రెండు నిమిషములు చాలును. దానిని నమ్మి చీరను పంపుట, విస్తరిపై అన్నము బొమ్మ గీచుకొని కడుపు నిండినదనుకొనుట వంటిది. అమ్మకందారు తన ఖాతాను తానే తెరచి, పైకము జమయైనదని చూచిన పిదపనే మూట కట్టవలెను. బ్యాంకు పంపినట్లు కనబడు సందేశము కూడ చాలదు. అదియు దొంగది కావచ్చును.

ఇంకొక వంచన కలదు. “పొరపాటున వేయి రూపాయలకు బదులు పదివేలు పంపితినన్నా, మిగిలినది వెంటనే తిప్పి పంపుము, ఆసుపత్రిలో నున్నాను” అని తొందరపెట్టుచు ఒకడు ఫోను చేయును. ఖాతాలో చూచినచో వేయి కూడ వచ్చియుండదు. వేరొకడు క్యూఆర్ కోడు పంపి, “దీనిని స్కాను చేసి పిన్ను నొక్కినచో నీకు బయానా జమయగును” అని చెప్పును. పైకము పుచ్చుకొనుటకు పిన్నుతో పనిలేదు. పిన్ను నొక్కితిమా, పైకము మన ఖాతానుండి బయటికి పోవుచున్నదని అర్థము. ఈ యొక్క మాట అమ్మకందారులందరికిని కంఠస్థమైనచో సగము మోసములు ఆగును.

కొనుగోలుదారులను వంచించుటకు మన అంగడి పేరునే వాడుకొనువారు కలరు. మన చీరల ఫోటోలను ఎత్తుకొనిపోయి, అదే పేరుతో మరియొక అంగడి తెరచి, పైకము గుంజి మాయమగుదురు. తిట్లు మాత్రము నేతగానికి వచ్చును. ఫోటోలపై సంఘము పేరు ముద్రించుట, మన ఫోను నంబరు ఇదియొక్కటియేనని తరచు ప్రకటించుట మంచిది. వాపసు వచ్చిన మూటను విప్పునపుడు వీడియో తీసియుంచినచో, కొత్త చీరకు బదులు పాతది పెట్టి పంపినవానికి సమాధానము చెప్పవచ్చును.

పై వన్నియు మాటలతో చేయు మోసములు. తాళము పగులగొట్టి లోనికి వచ్చు దొంగతనము వేరు. దానిని గ్రహించుటకు హైదరాబాదులో జరిగిన ఉదంతమును చెప్పవలసియున్నది. 2022 జనవరిలో అచ్చటి ఆంధ్రప్రదేశ్ మహేష్ సహకార పట్టణ బ్యాంకు కంప్యూటర్లలో దొంగలు చొరబడి 12 కోట్ల రూపాయలకు పైగా దోచుకొనిరి. వారు గోడ దూకలేదు, తుపాకి పట్టలేదు. కొన్ని వారములకు ముందే బ్యాంకు ఉద్యోగులకు ఈ-మెయిలు ఉత్తరములు గుంపులుగా పంపిరి. అందులోని జోడింపును ఉద్యోగి తెరచినంతనే దొంగ ప్రోగ్రాము కంప్యూటరులో తిష్ఠవేసినది. ఆ పైకము వందకు పైగా ఇతరుల ఖాతాలలోనికి పారినది. భద్రతా నియమములను పాటింపనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకునకు 65 లక్షల రూపాయల జరిమానా విధించినది.

బ్యాంకునకే ఇట్లు జరుగగా మన పొదుపు సంఘము ఫోను మాట యేమి? మనకు వచ్చునది ఈ-మెయిలు కాకపోవచ్చును. వాట్సాపులో పెండ్లి శుభలేఖ యనియో, రైతుల పథకపు జాబితా యనియో పేరు పెట్టి వచ్చు ‘ఏపీకే’ ఫైలు కావచ్చును. దానిని తెరచి, అడిగిన అనుమతులన్నియు నిచ్చినచో ఫోనులోని ఓ.టి.పి.లు దొంగకు చేరగలవు. కావున అంగడి పైకము వచ్చు ఫోనును పిల్లల ఆటలకు ఇయ్యరాదు. అంగడి పాస్‌వర్డు ఇద్దరికి మించి తెలియరాదు. అది ఊరి పేరో, పుట్టిన తేదీయో కారాదు. పాస్‌వర్డుతో పాటు రెండవ నిర్ధారణను కూడ అమర్చుకొనవలెను. లెక్కలు వ్రాయు కుర్రవాడు పని మానిననాడే పాస్‌వర్డును మార్చవలెను. ఇది అతనిని అనుమానించుట కాదు. గోదాము తాళపుచెవి తిరిగి తీసికొనుట వంటిదే.

పైకము పోయినచో మొదటి గంటయే ముఖ్యము. దొంగ ఆ మొత్తమును ఒక ఖాతానుండి మరొక ఖాతాకు మార్చుచు పోవును. ఎచ్చటనో ఒకచోట నిలిచియున్నంతలోనే దానిని ఆపింపవలెను. 1930 అను నంబరునకు ఫోను చేసినచో ఆ సమాచారము బ్యాంకులకు చేరి, మిగిలిన పైకమును నిలుపుదల చేయు ఏర్పాటు కలదు. తన బ్యాంకునకును వెంటనే తెలుపవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నేరము ఎచ్చట జరిగినను ఏ పోలీసు స్టేషనులోనైనను సమాచారము నీయవచ్చును. మోసగాడు ఏ రాష్ట్రమువాడో తెలియదని వెనుదీయ నక్కరలేదు.

సభ్యులు ముఖ్యముగా కనిపెట్టవలసిన దింకొకటి యున్నది. దొంగ సొమ్ము పారుటకు ఖాతాలు కావలెను గదా! పనిలేని యువకులకు కొద్ది కమీషను ఆశ చూపి, వారి ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ము పుచ్చుకొనువారు తిరుగుచున్నారు. కరవు వలన వలసపోవు కుటుంబములలోని పిల్లలు ఈ ఆశకు లోబడుట సులభము. ఎక్కడివారో చేసిన నేరమునకు పోలీసులు మొదట వచ్చునది ఖాతా ఎవరి పేరున నున్నదో వాని యింటికే. గ్రామసభలో ఈ మాటను దండోరా వేసినట్లు చెప్పవలెను.

1930 నంబరును పంచాయతీ గోడపైనను, పాలకేంద్రము వద్దను పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. నష్టపోయినవారు వచ్చినపుడు, చదువు వచ్చినవారొకరు ప్రక్కన కూర్చుండి ఫోను చేయింపవలెను. లావాదేవీ నంబరు, సమయము, మొత్తము, మోసగాని ఫోను నంబరు ఒక కాగితముపై వ్రాసికొనవలెను. సిగ్గుపడి సందేశములను తుడిచివేయువారు పలువురు. వానిని తుడువనీయకుడు, సాక్ష్యము అవియే.