మాంసకృత్తుల నిర్మాణమునకు నాంది

రథోత్సవమున తేరు మొదట కదలుటయే కష్టము. చక్రముల వెనుక దుంగలు పెట్టి ఎత్తి నెట్టుదురు. కదలిన పిదప దుంగలతో పనిలేదు. మోకులు లాగువారే చాలుదురు. జీవకణములో మాంసకృత్తులు తయారగుటయు ఇట్టిదే.

ఆమినో ఆమ్లములను వరుసగా కూర్చి మాంసకృత్తులను నిర్మించు సూక్ష్మయంత్రమునకు రైబోజోము అని పేరు. ఏ ఆమ్లము తరువాత ఏది రావలెనో తెలుపు ఆజ్ఞాపత్రము వార్తాహర ఆర్.ఎన్.ఎ. అందలి అక్షరములను మూడేసి చొప్పున చదువవలెను. ఆరంభమున ఒక్క అక్షరము అటునిటు జరిగినను వరుస అంతయు తప్పిపోవును. మరి సరియైన చోట చదువు మొదలగుట ఎట్లు?

1966లో న్యూయార్కు విశ్వవిద్యాలయమున సెవెరో ఒచోవా, ఆయన సహచరులు ఎషెరిషియా కోలై అను బాక్టీరియా రైబోజోములను గాఢమైన అమ్మోనియం క్లోరైడు ద్రావణముతో కడిగి పరీక్షించిరి. కడిగిన రైబోజోములు కృత్రిమముగా చేసిన ఆర్.ఎన్.ఎ.ను చదువగలిగినవి గాని, వైరసు నుండి తీసిన సహజమైన ఆర్.ఎన్.ఎ.ను చదువలేకపోయినవి. కడిగిన ద్రావణమును తిరిగి చేర్చగా ఆ శక్తి మరల వచ్చెను. గొలుసును పొడిగించు యంత్రము చెడలేదనియు, ఆరంభమునకు కావలసినదే ద్రావణములోనికి పోయినదనియు దీనివలన తేలెను.

ఆ ద్రావణములో అనేక మాంసకృత్తులు కలిసియుండును. వానిని అమ్మోనియం సల్ఫేటుతో అవక్షేపింపజేసి, పిదప విద్యుదావేశము గల సెల్యులోజు నింపిన గొట్టము గుండా పంపుదురు. ఉప్పు గాఢతను క్రమముగా పెంచినకొలది ఒక్కొక్క మాంసకృత్తి ఒక్కొక్క వేళ వెలికి వచ్చును. ప్రతి భాగమును కడిగిన రైబోజోములకు చేర్చి దాని శక్తిని పరీక్షింతురు. ఇట్టి శోధనలవలన బాక్టీరియాలో మూడు ఆరంభ కారకములు బయటపడినవి.

మూడవ కారకము రైబోజోము చిన్న భాగమును పెద్ద భాగముతో ముందుగానే కలియనీయదు. రెండవది జి.టి.పి. సహాయముతో మొదటి ఆమినో ఆమ్లమైన ఫార్మైల్ మిథయొనీనును మోయు ఆర్.ఎన్.ఎ.ను చోటు చేర్చును. మొదటిది రెండవ ఆమ్లము రావలసిన స్థానమును అంతవరకు మూసియుంచును. ఎ.యు.జి. అను ఆరంభాక్షరములు కుదిరిన పిదప పెద్ద భాగము వచ్చి కలియును. కారకములు తేరు దుంగలవలె తొలగిపోవును.

మానవ కణములలో ఇట్టి కారకములు పదికి పైగా గలవు. ఎర్ర రక్తకణములు తయారగునపుడు, ఇనుముతో ఏర్పడు హీము కొరవడినచో, వీనిలో ఒకదానికి ఫాస్ఫేటు చేరి గ్లోబిన్ తయారీ మందగించును. పోలియో వైరసు మరియొక కారకమును ఖండించి, కణము సొంత పనిని ఆపి, తన మాంసకృత్తులనే చేయించుకొనును. కనుక ఆరంభమును ఏలువారిదే కణముపై ఏలుబడి. రైబోజోములను కడిగిన ద్రావణములో దొరికిన కారకముల పరిశోధన, రోగముల మర్మమును తెలిసికొనుటకును ఈ విధముగా దారిచూపినది.