లిటిల్‌హాంప్టన్ యువకుల గానసేవ

ఎలక్ట్రిక్ గిటారు మ్రోతయు, డ్రమ్ముల చప్పుడును వినబడగానే "ఇదియును దేవుని పాటయేనా?" యని పెద్దలు చెవులు మూసికొనుట క్రైస్తవ గృహములలో క్రొత్త గాదు. ఎదిగిన కుమారుడు గది తలుపు వేసికొని యీ రాక్ సంగీతమునే భక్తియని వినుచుండగా తల్లి మనస్సు కలవరపడుట సహజమే. అట్టి సోదరీమణులకు ఇంగ్లండునందలి యైదుగురు యువకుల కథ చెప్పదలచితిని. వారి మేళము పేరు 'డెలీరియస్'. జ్వరము ముదిరి పలవరించుట యని యా మాటకర్థము. చాలదన్నట్లు చివర నొక ప్రశ్నార్థక చిహ్నమును గూడ దగిలించుకొనిరి! పేరు నాకు రుచింపలేదు గాని వారి పని రుచించినది.

ఇంగ్లండు దక్షిణతీరమున, అరున్ నది సముద్రమున గలియు చోట లిటిల్‌హాంప్టన్ అను చిన్న పట్టణము గలదు. 1992 ప్రాంతమున అచటి సంఘమువారు యువజనుల కొఱకు 'కట్టింగ్ ఎడ్జ్' అను పేర నెలకొక యారాధనకూటము నారంభించిరి. గుడి కీర్తనల నెఱుగని పిల్లలకు, వారి చెవుల కలవాటైన బాణీలోనే ప్రార్థన నందింపవలెనని వారి తలంపు. ఆ కూటములనుండియే యీ మేళము పుట్టినది. మార్టిన్ స్మిత్ పాటలు వ్రాసి పాడువాడు. స్టూ గారార్డ్ గిటారును, టిమ్ జప్ కీబోర్డును, జాన్ థాచర్ బేస్ గిటారును, స్టూవర్ట్ స్మిత్ డ్రమ్ములను వాయించువారు. తొలి నాళ్లలో నందఱకును వేఱు జీవనోపాధులుండెను. పాటలను క్యాసెట్ల కెక్కించి తామే విక్రయించుకొనిరి.

మన కింపుగా నుండు విషయ మొకటి కలదు. మార్టిన్, టిమ్, స్టూవర్టు ముగ్గురును జాన్ తోబుట్టువులను మువ్వురను పెండ్లాడిరి. అనగా మేళములో ముగ్గురు తోడల్లుండ్రు, వారికొక బావమఱది! (స్మిత్ అను నింటిపేరు గల యిద్దఱును జ్ఞాతులు గారు.) ఒక కుటుంబమువారు సాయంకాలము కూర్చుండి ప్రార్థన చేసికొనినట్లే వీరి గానమును బయలుదేఱినది.

1995లో నొక గండము వచ్చెను. మార్టిన్, అతని భార్య, జాన్ కారులో నింటికి మరలుచుండగా ప్రమాదము జరిగి, మార్టిన్ కాలు విఱిగెను. అతడు కొన్ని వారములు ఆసుపత్రిలో పడియుండెను. బ్రతుకెంత యల్పకాలికమో యా మంచముమీద నతనికి దెలిసివచ్చినది కాబోలు, మఱుసటి యేడు, 1996లో, అందఱును తమ యుద్యోగములు వదలుకొని గానమునకే యంకితులైరి. నెలజీతములు నిలిచిపోయినపుడు ఇల్లు నడపవలసిన యా యక్కచెల్లెండ్ర ధైర్యమును గూర్చి యెవరును వ్రాయరు! 1997లో వారి 'డీపర్' అను పాట బ్రిటనునందలి విక్రయముల పట్టికలో 20వ స్థానమున కెక్కెను.

ఈ పాటల తీరు వేఱు. పూర్వపు ఆంగ్లకీర్తనలలో బెక్కింట దేవుని గూర్చి వర్ణన యుండును. వీరు దేవునితోనే 'నీవు' అని మాటలాడుదురు. మాటలు స్వల్పము, పల్లవి మెల్లగా మొదలై, మరల మరల వచ్చుచు, వాద్యములతో పాటు పెరిగి, సభలోని వారందఱును గొంతు గలుపు వఱకు సాగును. మన భజన నెఱిగినవారి కిది వింత గాదు. నాలుగు చరణములలో సిద్ధాంతమంతయు నిమిడిన పాత కీర్తనల బరువు వీనిలో లేదని నేనును ఒప్పుకొందును. ఒక్కొక్కప్పుడు పునరుక్తి నాకు విసుగు పుట్టించును. కాని 1803లో జన్మించిన మన పురుషోత్తమ చౌధరి క్రీస్తుభక్తిని కర్ణాటక రాగములలో బాడి తెలుగు సంఘముల కిచ్చెను గదా! ఆ కీర్తనలు నేడు మన కెంత పాతవో, ఎంత ప్రియమైనవో!

చప్పుడునకు వెనుక హృదయమున్నదా యని యడుగువారికి ముంబయి సంగతి చెప్పవలెను. వేశ్యావాటికలలో బుట్టిన బిడ్డలకు ఆదరువు చూపు నొక స్థలమును మార్టిన్ అచట దర్శించెను. ఆ పసివాండ్ర ముఖము లతనిని విడువలేదు. 2008 జనవరిలో స్కాట్లండునందు పండ్రెండుగురు పాటకర్తలు కలిసికొని పాటలు కట్టి, వానిపై వచ్చు రాబడిని బీదల సేవకే వ్రాసియిచ్చిరి. 'కంపాషన్ ఆర్ట్' అను నా ధర్మకార్యమునకు మార్టినే మూలపురుషుడు.

అదే సంవత్సరము జూలైలో, ఇకమీదట నింటియొద్ద నెక్కువకాలము గడపవలెనని యతడు మేళమును విడుచుటకు నిశ్చయించెను. అతనికి ఆరుగురు బిడ్డలు. దేశదేశములు దిరుగు తండ్రి నా పిల్లలు ఎన్ని రాత్రులు కనిపెట్టుకొనియుండిరో! 2009 నవంబరు 29వ తేదీన లండనులోని హామర్‌స్మిత్ అపోలో శాలలో తుది కచేరి జరిగెను. మేళము ముగిసినది. పాటలు సంఘముల నోళ్లలో నిలిచినవి; అతడు ఇల్లు చేరుకొనెను.